బ్లూటూత్‌లో వచ్చిన నాటు పాట

తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ ముగిసిన మర్నాడు మెదక్ బస్టాండులో నా పక్కన కూర్చున్న ఒకామె ఫోనులో నాటు పాట వింటోంది. మా అమ్మ వరి నాట్లేస్తూ పాడే పాట అది. అమ్మ పోయాక మళ్లీ వినలేదు. ఆ మాటే ఆమెతో అన్నాను.

"మా అత్త పాడింది. నీకు గావాల్నా చెల్లే?" అంది.

ఇద్దరం బ్లూటూత్ పెట్టాం. మొదట ఫోన్లు కలవలేదు. రెండోసారి పాట మెల్లగా రాసాగింది. సగం వచ్చేసరికి ఆమె ఎక్కాల్సిన రామాయంపేట బస్సు వచ్చింది.

"పోండ్రి అక్కా, మళ్ల బస్సు ఎప్పుడొస్తదో," అన్నాను.

"దూరం పోతే పాట ఆగిపోతది. ఇంకో దాంట్ల పోత తియ్," అంటూ తన ఫోను నా ఫోనుకు ఇంకా దగ్గరగా జరిపింది. బస్సు వెళ్లిపోయింది.

ఇప్పటికీ ఫోను మార్చినప్పుడల్లా ముందు ఆ పాటనే ఎక్కించుకుంటాను. పాడేది ఆమె అత్తే అయినా, వింటుంటే అమ్మ పొలంలో వంగి నాటేస్తున్నట్టే ఉంటుంది.