నలభై బల్బుల దండ

అన్నయ్య చనిపోయిన ఏడాది, వినాయక చవితి పందిరికి లైట్లు అద్దెకు తెద్దామని మా కాలనీ పెద్దలు అనుకున్నారు. అంతకుముందు ఆ పని అన్నయ్యదే; స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్. నేను తెలుగు ఎమ్మే. పదో తరగతి తర్వాత ఫిజిక్సు పుస్తకం ముట్టలేదు. అయినా ఆ పని మా ఇంటి నుంచి పోకూడదనిపించి, "నేను కడతాను" అనేశాను. ఏడాది తిరగలేదు కనుక మాకు పండగ లేదు. "పూజ చెయ్యకూడదు గాని, వైరు కట్టకూడదని ఎక్కడుంది?" అంది అమ్మ.

అటక మీది సంచిలో అన్నయ్య సీరియల్ సెట్టు ఉంది: ఒకే వైరుకు వరసగా నలభై చిన్న బల్బులు. ప్లగ్గు పెడితే వెలగలేదు. టార్చిలైటు బ్యాటరీలతో ఒక్కో బల్బూ చూసి, మాడిన తొమ్మిదింటినీ కత్తిరించి, వైరు కొసలు ముడేశాను. ఈసారి భలే వెలిగింది.

"మీ అన్నయ్య పెట్టినప్పుడు కూడా ఇంత వెలుతురు లేదురా!" అంది అమ్మ.

ఆ గర్వం పది నిమిషాలు. మొత్తం ఆరిపోయింది. మళ్లీ మాడినవి తీసి ముడేశాను. ఇంకా బాగా వెలిగి, ఇంకా త్వరగా ఆరింది.

పండగ ఇంకా రెండు రోజులే. దండ పట్టుకుని అన్నయ్య స్నేహితుడి దగ్గరికి వెళ్లాను. అతను చేపల వేటకు వెళ్లని రోజుల్లో సముద్రం ఒడ్డునే పాకలో రేడియోలు బాగుచేసేవాడు.

"ఏటి బావా, సగం బల్బులు కోసీసినావు?"

"మాడినవే తీశాను."

"మరి ఆటి బరువు ఎవుడు మొయ్యాల?" అని ఇసుకలో వల లాగుతున్న వాళ్లను చూపించాడు. "నలబై మంది లాగీ వలని ఇరవై మందికి అప్పసెప్పు. నడుములిరిగిపోవా? ఇంట్లో కరెంటు అంతే ఉన్నాది. పంచుకునీవోళ్లే తగ్గిపోనారు."

"బాగా వెలిగింది కదా?"

"పడిపోయీ ముందు ఆళ్లూ గట్టిగానే అరుస్తారు."

కొత్త బల్బులు నా ముందు పోసి, వేడెక్కిన సోల్డరింగు కడ్డీ చేతికిచ్చాడు. "నాను సెయ్యను. నువ్వే సెయ్యి. మీ అన్న కూడా నా రేడియో పాడుసేసే నేర్సుకున్నాడు."

ఆ సంగతి అన్నయ్య ఎప్పుడూ చెప్పలేదు. వేళ్లు రెండుసార్లు కాలినా నవ్వుతూనే అతికించాను.

చవితి సాయంత్రం పందిరి వెనకే నిలబడి స్విచ్చి వేశాను. నలభై బల్బులూ వెలిగాయి. మరీ జిగేలుమనలేదు, ఆరిపోనూ లేదు. హారతి అయ్యేదాకా వాటినే చూస్తూ ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే పక్క క్వార్టర్ పిన్నిగారు పాడైన మిక్సీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"నాకు మిక్సీ రాదండీ," అన్నాను.

"రాకపోతే విప్పి చూడు నాయనా. ఇడ్లీపిండి రేపటికి," అని గట్టు మీద పెట్టి వెళ్లిపోయారు.