ఒక పప్పు ప్యాకెట్టు, ఇద్దరు ఉద్యోగస్తులు

జీతం కొత్తగా చేతికొచ్చే రోజుల్లో కుర్రాళ్ళు ఖర్చుపెట్టి చెడిపోతారని ఇళ్ళల్లో బెంగపడుతుంటారు. నేను మిగిల్చి చెడిపోయాను. ఆ పాపం మొత్తం మా బావది (మేనమామ కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్ద, అంతకుమించి నన్ను శాసించే హక్కేమీ లేదు). ఇద్దరం చైతన్యపురిలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఇద్దరికీ బుద్ధిగా ఉద్యోగాలున్నాయి. సెకండ్‌హ్యాండ్ బండి ఒకటి కొనాలని బావ తీర్మానించాడు. దాని డబ్బు మా తిండిలోంచే రావాలని కూడా తనే తీర్మానించాడు.

అరిగిన సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అతికించాలి. అరటిపళ్ళు రైతుబజారు సర్దేసే వేళకి వెళ్ళి మచ్చలు పడ్డవే కొనాలి. అన్నం గదిలో కుక్కర్లో వండుకుని, కూర మాత్రం సందు చివరి కర్రీ పాయింట్లో తెచ్చుకోవాలి. కూరంటే రోజుకి ఒక్క పప్పు ప్యాకెట్టు. పొద్దున ఇద్దరం సగం తినేసి, సాయంత్రం మిగతా సగంలో చెంబెడు నీళ్ళూ, కాస్త చింతపండు పులుసూ పోసి మరిగిస్తే అదే పప్పుచారు. "చారు కూడా కొనుక్కునేవాడు బాగుపడతాడంట్రా?" అనేవాడు బావ. పడడని తలూపేవాణ్ణి. ఆ తలూపడం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కర్రీ పాయింట్ నడిపే ఆవిడది బాటసింగారం అవతల ఏదో ఊరు. అందరికీ అక్కే. నెల తిరిగేసరికి మా పప్పుతోపాటు ఇంకో కవర్లో వంకాయ కూరో, బెండకాయ వేపుడో పెట్టివ్వడం మొదలుపెట్టింది. "మిగిలింది తీస్కపో తమ్మీ" అనేది. పొద్దున తొమ్మిదింటికి కూర ఎలా మిగులుతుందని నేనూ అడగలేదు, బావా అడగలేదు. "రోజూ కొంటాం కదా, మనల్ని వదులుకోలేక ఇస్తోంది" అని బావ కాలరెగరేశాడు.

ఒకరోజు నేను వరసలో వెనక నిలబడ్డానని చూడక, తొందరపెడుతున్న ఒకాయనతో అక్క అంటోంది. "జర ఆగు అన్నా. గా ఇద్దరు పోరగాళ్ళకు తీసిపెట్టాలె. పాపం, ఏం పరీక్ష తప్పిన్రో ఏమో, నౌకరీ లేదు. దినాం ఒక్క పప్పు కొనుక్కొని ఇద్దరు తింటరు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సందులో మా ఈడు వాళ్ళంతా పుస్తకాలేసుకుని కోచింగ్‌కి తిరిగేవాళ్ళే, నిజమే. అంతమాత్రాన నేను కూడానా? నెలనెలా జీతం తీసుకుంటూ జాలి కూర తినడమా? గదికెళ్ళి బావ మీద విరుచుకుపడ్డాను. బావ తాపీగా అన్నాడు: "అనుకుంటే అనుకోనీరా. ఆవిడ అనుకుంటే నీ ఉద్యోగం పోతుందా? నువ్వు నిజం చెబితే మాత్రం వంకాయ కూర పోతుంది." నా పరువు కంటే నీకు వంకాయ ఎక్కువా అని అరిచాను. (ఆ పూట కూర తిన్నాను. కోపంగానే తిన్నాను.)

మర్నాడు ఆఫీసు ఐడీ కార్డు చొక్కా మీదికి వేలాడేసుకుని వెళ్ళాను. ఒకరి జాలి నాకక్కర్లేదని చెప్పడానికి నాలుగు మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. అక్క కార్డు చూసింది. గరిట పక్కన పెట్టేసింది.

"నౌకరొచ్చిందా తమ్మీ" అంది. కళ్ళల్లో నీళ్ళు. "మీ ఇద్దరి కోసమని మంగళారం మంగళారం కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడికి పోయి అంజన్నకు మొక్కిన. ఇన్నడు."

సిద్ధం చేసుకున్న నాలుగు మాటలూ మింగేసి, కార్డుని చొక్కా లోపలికి తోసేశాను. ఈలోపు వెనక ఉల్లిపాయలు తరుగుతున్న వాళ్ళాయన తలెత్తాడు. "గట్లయితే రేపటి సంది మన కూర మనింటికి తీస్కపోదామా? నెల సంది ఉత్త తొక్కుతోనే తింటున్న" అన్నాడు, పచ్చడి డబ్బా వైపు చూపిస్తూ. "నువ్వూకో, పిల్లగాడు ఇంటడు" అని అక్క కసిరింది.

ఆ రోజు నాలుగు కూరలు కొన్నాను. గదిలో బావ ప్యాకెట్లు చూసి గుండె పట్టుకున్నాడు. మేం మిగిల్చిందంతా ఎవరి కంచంలోంచి వచ్చిందో చెప్పాను. బావ ప్యాకెట్లు ఒక్కొక్కటే విప్పి గిన్నెల్లో పోశాడు. "ఛీ" అన్నాడు చివరికి. ఎవర్నన్నాడో అడగలేదు.

తరవాతి మంగళవారం మొక్కు తీర్చాలని అక్క మమ్మల్ని వెంటబెట్టుకుపోయింది. ఎనిమిది నెలల నుంచీ చేస్తున్న ఉద్యోగం కొత్తగా వచ్చినందుకు ఇద్దరం వరసగా కొబ్బరికాయలు కొట్టాం. దేవుడికి నిజం తెలుసు, ఆమెకి తెలీదు. ఇవాళ్టిదాకా చెప్పే ధైర్యం రాలేదు. మెళ్ళో కార్డు వేసుకుని పౌరుషంగా బయల్దేరిన ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురైతే ముందు చెంప మీద ఒకటి ఇస్తాను. ఆ తరవాత, పాపం బాగా చిక్కిపోయాడు, కూర్చోబెట్టి కడుపునిండా అన్నం పెడతాను.