గోడమీద పిల్లకి చలి

ఎవరింట్లో అడుగుపెట్టినా దమయంతి ముందు వాళ్ళ చేతులు పట్టుకుని చూస్తుంది, చల్లగా ఉన్నాయా వెచ్చగా ఉన్నాయా అని. అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో పదకొండేళ్ళుగా ముసలివాళ్ళ ఇళ్ళకెళ్ళి సేవ చేసే ఉద్యోగం ఆవిడది. "జీతమిచ్చి మరీ పుణ్యం చేసుకోమంటున్నారు, ఇంకేం కావాలి?" అంటుంది.

ఆ జనవరిలో ఆవిడ చూసుకుంటున్నది తొంభై దాటిన లొరెయిన్‌ని. పక్కమీంచి లేవలేని మనిషి. మంచానికి ఎదురుగా గోడమీద అద్దం కట్టించిన పాత క్యాలెండర్ ఒకటి ఉండేది. వర్క్‌షాపుల్లో తగిలించుకోమని పానాలు, సుత్తులు చేసే కంపెనీవాళ్ళు ఎప్పుడో యాభైల్లో అచ్చువేయించింది. సముద్రపు ఒడ్డు, ఎర్రటి స్విమ్‌సూట్, చేతిలో బంతి, విరగబడి నవ్వే పిల్ల. కింద తేదీల కాగితాలు. జనవరి కూడా చింపలేదు.

ఆ పిల్ల లొరెయినే, పంతొమ్మిదేళ్ళప్పుడు.

"బయట మంచు, స్టూడియోలో హీటర్ పనిచెయ్యదు. బొమ్మలాయన నన్ను సముద్రం ఒడ్డున నిలబెట్టాడు!" అని నవ్వేది లొరెయిన్. "కోటు ఇమ్మంటే, నవ్వు, ఇంకో ఐదు నిమిషాలే అన్నాడు. నా చేతులంతా గగుర్పాటు. బొమ్మలో మాత్రం నున్నగా వేశాడు, దొంగ!"

నాలుగు రోజులనుంచి ఆ నవ్వు లేదు. చెంచా నోటిదాకా తెస్తే ముఖం తిప్పేసి గోడవైపు చూపిస్తోంది. "ముందు దానికి కోటు ఇవ్వు. వణికిపోతోంది."

ఆ ఉదయం నర్సు వచ్చి చూసి, ఇవాళ కూడా ఏమీ తినకపోతే సాయంత్రం హాస్పిటల్‌కి మార్చేస్తామని చెప్పి వెళ్ళింది. లొరెయిన్‌కి మిగిలిన కోరిక ఒక్కటే, ఈ మంచంమీదే, ఈ కిటికీ పక్కనే పోవాలని. "నన్నెక్కడికీ పంపకు దమా," అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచుముక్కలా ఉంది.

దమయంతి తన శాలువా తీసి పటంమీద కప్పింది.

"ముఖం కప్పేశావేం! అది చచ్చిపోయిందా?" అని కెవ్వుమంది లొరెయిన్.

కంగారుపడి శాలువా లాగేస్తుంటే వేళ్ళు అద్దానికి తగిలి చురుక్కుమన్నాయి. గదిలో హీటర్ వేడికి చెమట పడుతోంది, అద్దం మాత్రం ఐసుగడ్డ. దగ్గరగా వంగి చూసింది. పిల్ల భుజంనుంచి మణికట్టుదాకా సన్నసన్నటి బొడిపెలు లేచి ఉన్నాయి. నిన్నటిదాకా నున్నగానే ఉన్న చేతులు.

"రామ రామ," అనుకుంటూ రెండడుగులు వెనక్కి వేసింది.

అప్పుడే ఆఫీసునుంచి భర్త శేషగిరి ఫోన్ చేశాడు. "తిన్నావా?"

"ఆవిడ తినందే నేనెట్లా తింటానండీ? ఆ బొమ్మకి బట్ట కట్టాలిట. ముఖం మాత్రం కనపడాలిట."

"దాందేముంది? మనింట్లో పటాలకి పెడతావుగా పత్తి వస్త్రం, అదే పెట్టు," అని నవ్వాడు.

"ఏం చోద్యమండీ! స్విమ్‌సూట్ పిల్లకి పూజా?"

"పూజెవరు చెయ్యమన్నారే? చలికి బట్ట."

ఆయన వేళాకోళానికే అన్నాడు. దమయంతి మాత్రం ఫోన్ పెట్టేసి మందుల పెట్టెలోంచి దూది తీసింది. సాగదీసి, తడివేళ్ళతో అక్కడక్కడ నలిపి, హ్యాండ్‌బ్యాగులో ఉన్న కుంకుమ అద్దింది. కుంకుమ లేకుండా వస్త్రం చేయడం ఆ చేతులకి తెలియదు. పటం రెండు మూలలకీ దోపి, పిల్ల భుజాలమీదుగా వేలాడేసింది. అలవాటుకొద్దీ "వస్త్రం సమర్పయామి" అని పైకే అనేసి నాలుక కరుచుకుంది.

లొరెయిన్ చాలాసేపు చూసింది. "హమ్మయ్య," అని నోరు తెరిచింది.

అయిదు చెంచాల సూపు తాగింది. ఆరోది తనే అడిగింది. సాయంత్రం వచ్చిన నర్సు గిన్నె చూసి, "ఇక్కడే ఉండనిద్దాం" అని రాసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం దమయంతి బూట్ల మంచు దులుపుకుని లోపలికెళ్ళి, ముందు లొరెయిన్ చేతులు పట్టుకుంది. గోరువెచ్చగా ఉన్నాయి. పటంలో పిల్ల చేతులు మళ్ళీ నున్నగా అయిపోయాయి.

నిర్మాల్యం తీసి కొత్తది వెయ్యాలి కదా అని పాత వస్త్రం పట్టుకుంది. అద్దం చల్లగానే ఉంది. దూది వెచ్చగా ఉంది, ఎవరో ఒంటిమీంచి అప్పుడే విప్పి ఇచ్చినట్టు.

దమయంతి దాన్ని కళ్ళకద్దుకోబోయి ఆగింది. గోడమీది పిల్లని ఒకసారి, మంచంమీది ముసలమ్మని ఒకసారి చూసి, అద్దుకుంది. తర్వాత కొత్త దూది తీసుకుని వేళ్ళు తడిచేసుకుంది.