చాలు అన్న మాట
ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పని ముగిసిన మర్నాడే, "చాక్లెట్ ఫ్రీగా తాగొచ్చు, రావే" అంటూ రూమ్మేట్ స్రవంతి నన్ను మేముండే ప్లేనో నుంచి హ్యూస్టన్‌కి ఈడ్చుకెళ్ళింది. గ్వాటెమాలా నుంచి వచ్చి స్థిరపడ్డ మాయా తెగ కుటుంబాలు అక్కడొక చర్చి ఆవరణలో చాక్లెట్ పండుగ చేసుకుంటున్నాయి. ఒక ముసలావిడ పోసిచ్చే వేడి చాక్లెట్ కప్పుల్ని జనానికి అందించడం వాలంటీర్‌గా నా పని. మధ్యాహ్నానికే కాళ్ళు పీకడం మొదలైంది.

మర్యాదకని ఆవిడతో "గ్రాసియాస్" అన్నాను. ఆవిడ విసుగ్గా తల అడ్డంగా ఊపింది.

"నో స్పానిష్. కిచే. మల్త్యోష్."

వాళ్ళ కిచే భాషలో థాంక్స్ అని. ఆ విసుగు నాకు బాగా తెలుసు. ఆఫీసులో మన దేశంవాళ్ళు ఎవరు కనిపించినా నాతో హిందీ మొదలుపెడతారు.

"యువర్ లాంగ్వేజ్?" అని అడిగింది, నాకోసం ఒక కప్పు నింపుతూ. మా భాషలో థాంక్స్‌ని ఏమంటారని. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ ధన్యవాదాలు చెప్పగా నేను వినలేదు. ఈలోగా చాక్లెట్ అంచుదాకా వచ్చేసింది.

"చాలు, చాలు!" అన్నాను కంగారుగా.

ఆవిడ మొహం విప్పారింది. "చాలు," అని జాగ్రత్తగా పలికింది. సరిదిద్దే ఓపిక నాకు లేదు. ఆపైన నేను ఖాళీ ట్రే తెచ్చిన ప్రతిసారీ అదే మాట.

"ఏంటే, నిన్ను ఇంక పొమ్మంటోందా?" అని నవ్వింది స్రవంతి.

సాయంత్రం కుండలన్నీ వ్యాన్‌లోకి ఎక్కించాక ఆవిడా నేనూ చర్చి మెట్ల మీద కూలబడ్డాం. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి, "చాలు," అంది.

"చాలు," అన్నాను నేనూ, ఆవిడ అర్థంలోనే.