ముహూర్తానికి వాలిపోయిన M లు

నవ్వేవాళ్ళు ముందే నవ్వేసెయ్యండి, మధ్యలో ఆపితే ఒప్పుకోను. ఉద్యోగమైతే నిలబడింది. ఎలా నిలబడిందో తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది!

జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టు వెంకట్రావు బాబాయ్ గారు తెలుసుగా? కొట్టు మేడ మీద గదిలో కంప్యూటర్ సెంటర్ పెట్టారు. నేర్పేదాన్ని నేను. నాన్నది ఒకటే మాట: "ఓపెనింగ్ రోజున బ్యాచ్ కుదిరితే సరే. లేదంటే నోర్మూసుకుని బి.ఇడి. కట్టు." బ్యాచ్ అంటే ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ గుమాస్తాలు. పంపాలో వద్దో తేల్చుకోడానికి మేనేజర్ గారే స్వయంగా వస్తున్నారు.

"వచ్చిన పెద్దలకి వాళ్ళ పేర్లతో కార్డులు కొట్టిద్దాం బాబాయ్ గారూ, ఇంగ్లీషులోనే లెండి," అన్నా.

"బోర్డర్ ఉండాలమ్మాయ్. లేకపోతే దినం కార్డులా ఉంటది."

స్క్రీన్ మీద పేరుకి పైనా కిందా జంట గీతలు వేసా. ఎంత ముద్దుగా ఉందో! "ఒక్క ప్రింట్ తీసి చూస్తా" అన్నానో లేదో, ఆయన ప్రింటర్‌కి అడ్డం నిలబడ్డారు. "హవ్వ! బోణీ కాగితం ముహూర్తానికే పడాలి!"

కాలేజీ డిబేట్లో ముహూర్తాలని అరగంట దంచిన దాన్ని కదా, ఏమన్నానో తెలుసా? "సరే లెండి, స్క్రీన్ మీద ఉన్నదేగా కాగితం మీద పడేది, ఎక్కడికి పోతుంది?"

పోయిందండీ!

ప్రింటర్‌కి పసుపు, కుంకుమ, మల్లెపూల దండ. కొబ్బరికాయ కొట్టారు. మీట నొక్కా. కర్రుకర్రుమంటూ కాగితం బయటికొచ్చింది. గీత ఒక్కటీ లేదు! మేనేజర్ గారి పేరుకి పైనా కిందా వరసాగ్గా M లు. అవీ గాలికి వంగిన జొన్నచేనులా పక్కకి వాలిపోయి!

"ఈ M లేంటమ్మా?" అన్నారు మేనేజర్ గారు.

తెలీదు అనొచ్చుగా? నా నోరు ఊరుకుంటుందా! "ముక్త్యాల M సార్! మీ గౌరవార్థం, స్పెషల్‌గా!"

ఆయన మురిసిపోయారు. బాబాయ్ గారు చప్పట్లు. పక్కనే మా నందిగామ కాలేజీ ప్రిన్సిపాల్ గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "అయితే నాకు N లు వస్తాయన్నమాట."

చచ్చా! ఆయన కార్డులోనూ ఆ గీతలే. కొడితే మళ్ళీ M లే పడతాయి. గబగబా గీతలన్నీ చెరిపేసి, పేరుకి పైనా కిందా ఒక్కొక్క N చేత్తో కొట్టి, కార్డు తీసిచ్చా. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి, "ఆయనవి వాలి ఉన్నాయి, నావి నిటారుగా ఉన్నాయేం?" అన్నారు.

"ప్రిన్సిపాల్ గారివి వంగితే ఏం బాగుంటుంది సార్!"

గదంతా నవ్వులు. ఇక వేదాద్రి నుంచి వచ్చిన పూజారి గారికి V లు, కరణం గారికి K లు. నేను లేచేసరికి భోజనాల్లో మిగిలింది మజ్జిగ ఒక్కటే.

సాయంత్రం కసితో ప్రింటర్ పుస్తకం తిరగేసా. కంప్యూటర్‌కి అక్షరం ముక్క రాదట! దానికి అన్నీ నంబర్లే. నా జంట గీత నంబరు 205. స్క్రీన్ పట్టికలో 205 అంటే గీత. ప్రింటర్‌దేమో వేరే పట్టిక. 128 గానీ, అంతకన్నా పెద్ద నంబరు గానీ వస్తే, అందులోంచి 128 తీసేసి, మిగిలిన నంబరుకున్న అక్షరాన్ని వాల్చి కొడుతుంది. మిగిలింది 77. అంటే M! ఒకే నంబరుకి స్క్రీనొక అర్థం, ప్రింటరొక అర్థం చెప్పుకుంటే మధ్యలో నేను చావాలా? ఇంతా చేస్తే, ప్రింటర్ వెనక గోరంత స్విచ్ జరిపితే చాలట, గీతలు గీతల్లాగే పడతాయట!

జరపబోతున్నా. బాబాయ్ గారు మెట్లెక్కుతూనే కేక: "అమ్మాయ్! బ్యాచ్ ఖాయం! ఫ్యాక్టరీ కాగితాలన్నిటికీ ఆ వాలు M ల బోర్డరే కావాలంట. ముందు అదే నేర్పాలంట!"

సత్యం, హేతువాదం అని మైకులు పగలగొట్టిన దాన్ని! ఇప్పుడు రోజూ క్లాసుకెళ్ళగానే నేను చేసే మొదటి పని, ఆ స్విచ్ మీద అంటించిన ప్లాస్టర్ ఊడిందేమో చూసుకోవడం.