మా మామ చిన్నవాడని తేలిన రోజు

తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు లేచిన ఆ రోజుల్లో మా సిద్దిపేటలో చిన్న మనిషి అనేవాడు మచ్చుకైనా కనిపించేవాడు కాదు. దీక్షా శిబిరానికి ఒక పూట మజ్జిగ పోసినవాడు కూడా మర్నాటికల్లా ఫ్లెక్సీ మీద నిలువెత్తున నవ్వుతుండేవాడు. ఫ్లెక్సీ షాపు కుర్రాడు ఫోటోకు కోటు తొడిగేవాడు, టై కట్టేవాడు, కింద ఒక బిరుదు కూడా తగిలించేవాడు. (కోటుకు వేరే పైసలు తీసుకునేవాడు కాదు, బిరుదుకూ తీసుకునేవాడు కాదు. అందుకే ఎవరూ వద్దనేవారు కాదు.) అలా మా మేనమామ ఒక శుభోదయాన పాత బస్టాండు దగ్గర 'ప్రముఖ పారిశ్రామికవేత్త' అయిపోయాడు. ఆ ఫ్లెక్సీ కింది మూలన రూపాయి బిళ్లంత నా ముఖం కూడా ఉండేది, దాని కింద 'మేనేజర్' అని. డిగ్రీ తప్పి అప్పుడే మామ దగ్గర చేరినవాణ్ణి. పనున్నా లేకున్నా ఆ దారినే వెళ్లి, ఎవరూ చూడకుండా ఒకసారి నన్ను నేను చూసుకుని వచ్చేవాణ్ణి.

ఇంతకూ మామ పరిశ్రమ ఏమిటంటే, కిరాయి జాగలో ఒక రేకుల షెడ్డు. అందులో ట్రంకు పెట్టెలు చేసేవాళ్లం. 'వాళ్లం' అన్నానే గానీ చేసేది మా ముసలి పనివాడు చాచా ఒక్కడే. రేకు కత్తిరించేది ఆయన, మడిచేది ఆయన, రివిట్లు కొట్టేదీ ఆయనే. మామ బేరాలు మాట్లాడేవాడు. నేను మేనేజ్ చేసేవాణ్ణి. (ఎవరిని అని అడక్కండి.) పెళ్లిళ్లలో బీరువాలు పెట్టడం మొదలయ్యాక ట్రంకు పెట్టెను అడిగే దిక్కు లేకుండా పోయింది. చాచాను కొడుకు హైదరాబాదు వచ్చేయమని ఒకటే పోరు. "ఎండకాలం దాక సూస్త సేట్, పని లేకుంటె పోత. ఏమనుకోకు" అన్నాడాయన. చాచా పోతే షెడ్డుకు తాళమే. సరిగ్గా అప్పుడే సర్కారు హాస్టళ్ల పిల్లలకు ట్రంకు పెట్టెలు కావాలని టెండరు పడింది, అదీ చిన్న పరిశ్రమలకు మాత్రమే. మామ వేశాడు, మామకే వచ్చింది. చాచా ప్రయాణం మానుకున్నాడు. మా అత్త కొమురవెల్లికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

టెండరులో వెనకబడ్డాయనను బజారంతా 'రెండు షట్టర్లాయన' అనేది, ఆయన ఇనుప సామాన్ల దుకాణానికి రెండు షట్టర్లున్నందుకు. మామకూ ఆయనకూ నిక్కర్ల నాటి నుంచే ఉప్పూనిప్పూ. మామ పేరెత్తితే చాలు, "వాడా, డబ్బాలు కొట్టెటోడు" అననిదే ఆయనకు చాయ్ గొంతు దిగేది కాదు. అలాంటి మనిషి మా ఫ్లెక్సీని ఫోటో తీయించి సంగారెడ్డి జిల్లా ఆఫీసులో అర్జీ పెట్టాడు. ఇతను చిన్నవాడు కాడు, ప్రముఖ పారిశ్రామికవేత్త, మేనేజర్‌ను పెట్టి నడిపించేంత పెద్దవాడు, కాబట్టి చిన్నవాళ్ల కోసం కేటాయించిన పనికి పనికిరాడు అని దాని సారం. విచారణ అయ్యేదాకా పెట్టెలు ఆపమని మామకు కబురొచ్చింది. "నిన్నెవడు మేనేజర్ అని వెట్టిచ్చుకొమ్మన్నడుర అల్లుడా" అని మామ నా మీద విరుచుకుపడ్డాడు. తన బిరుదు ఊసు మాత్రం ఎత్తలేదు.

విచారణకు ఆ ఆఫీసు సార్ వచ్చిన రోజు శిబిరంలో నిరాహార దీక్షకు ఇనుప సామాన్ల వాళ్ల వంతు. అందుకని మామా, రెండు షట్టర్లాయనా ఒకే జంపఖానా మీద పక్కపక్కన, మెడలో దండలతో, ఖాళీ కడుపులతో కూర్చుని ఉన్నారు. సార్ మన దిక్కు మనిషే. ముందుగా తనూ కాసేపు కూర్చుని జై తెలంగాణ అన్నాకే ఫైలు విప్పాడు. "పంచనామా రాయాలె. ఈయన పెద్ద పార్టీయా, చిన్న పార్టీయా, మీరే చెప్పుండ్రి" అన్నాడు బజారు వాళ్లతో. ఏదో లోను ఇవ్వడానికి వచ్చాడనుకున్నారు పాపం. పరాయి ఊరి ఆఫీసరు ముందు మన సేటును తక్కువ చేస్తామా అన్నట్టు చాయ్ హోటలాయన ముందుకొచ్చాడు. "మా సేటు మామూలు సేటు కాదు సార్. ఈయన పెట్టెలు బొంబాయి దాక పోతయట." (ఆ 'అట' ఆయన హోటల్లో కూర్చుని మామ చెప్పిందే.) మామ ముఖం వాడిపోయింది. నేను జనం వెనక నుంచి రెండు వేళ్లు దగ్గరికి చేర్చి 'చిన్న, చిన్న' అని సైగ చేశాను. హోటలాయన దాన్ని 'ఇంకొంచెం' అనుకుని, "హైదరాబాదుల గోదాము గూడ తీస్కుంటుండు" అని కలిపాడు.

"ఇట్లయితె కష్టమే సేటు" అంటూ సార్ నిట్టూర్చాడు. టెంటు గుంజను పట్టుకుని నిలబడ్డ చాచా తలవంచుకున్నాడు. సార్ చివరగా రెండు షట్టర్లాయన వైపు తిరిగాడు. "అర్జీ మీదే గద. ఈయన పెద్దోడేనంటరు?" ఔనంటే చాలు, పెట్టెల పని ఆయనదే. ఆయన మామను చూశాడు. మామ ఆయనను చూశాడు. బజారంతా చూస్తోంది. ఆ ఒక్క మాట ఆయన నోట్లోంచి ఊడిపడదే. చిన్నప్పటి నుంచి డబ్బాలు కొట్టెటోడని తిట్టిన మనిషిని, నలుగురి ముందు, తన నోటితో పెద్దోడనడమా.

"వీడా?" అన్నాడు చివరికి. "వీడు పెద్దోడా సార్? కిరాయి షెడ్డు, తుప్పు వట్టిన కత్తెర, ఒక ముసలాయన. మేనేజరట, గా పోరడు పొద్దంత ఫ్లెక్సీ ముంగట నిలవడి తన మొకం తనే సూస్కుంటడు. వీని ఫ్యాక్టరీ మొత్తం నా దుకాన్ల ఒక మూలకు వడ్తది." సార్ ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాడు. తను ఏమన్నాడో రెండు షట్టర్లాయనకు తెలిసొచ్చేసరికి పెన్నుకు మూత పడింది. టెంటు టెంటంతా నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది నేనే.

"ఆయన చెప్పింది నిజమేనా సేటు?" అని సార్ అడిగాడు. మామ దండ సర్దుకున్నాడు. చాచా వైపు ఒకసారి చూశాడు. "నిజమే సార్. చిన్నోన్నే" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. పంచనామా మీద సంతకం చేయమంటే హోటలాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మా సేటును చిన్నోడని నేనెట్ల రాసిస్త సార్? ఫోటోల జర పెద్దగ వడ్డడు, గంతే" అని మొండికేశాడు. మామే గడ్డం పట్టుకుని బతిమాలితే పెట్టాడు.

ఆ ఎండాకాలమంతా మా షెడ్డులో రివిట్ల మోత. చాచా ఎక్కడికీ పోలేదు. నేను మాత్రం ఆ కథను పెళ్లి పెళ్లికీ తిప్పాను. మామ గొంతు అనుకరిస్తూ 'చిన్నోన్నే' అనగానే పందిరి పగిలేలా నవ్వేవాళ్లు. మామ కూడా నవ్వేవాడు, అందరి తర్వాత. ఎందుకు ఆలస్యమయ్యేదో అప్పట్లో నాకు పట్టలేదు. ఇప్పుడు మామ లేడు, అడుగుదామన్నా.

ఇప్పుడు నాదీ ఒక షెడ్డు. నేనూ సర్కారు టెండర్లు వేస్తుంటాను. మొన్న ఆఫీసు నిండా బేరాలకొచ్చిన పార్టీలు కూర్చుని ఉండగా, టెండరు ఫారం నింపుతున్న మా కుర్రాడు కంప్యూటరు ముందు నుంచి గట్టిగా అరిచాడు. "సార్, మనది పెద్దదని కొట్టాల్నా, చిన్నదని కొట్టాల్నా?" తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను లేచి, వాడి దగ్గరిదాకా నడిచి వెళ్లి, చెవిలో చెప్పాను.