దశరథరామయ్యగారి సోఫా పరీక్ష

తెనాలి దశరథరామయ్యగారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ కుర్చీనీ, ఏ బెంచీనీ, ఏ మంచాన్నీ ఆయన కంటితో చూసి నమ్మేవారు కాదు. ఒక పూటంతా దాని మీద కూర్చుంటే తప్ప మంచిదనీ అనరు, చెడ్డదనీ అనరు. కూర్చున్నాక కూడా తొందరపడరు. ఎవరైనా వచ్చి "ఎలా ఉందండి?" అని అడిగితే కళ్ళు సగం మూసుకుని, "ఇంకా తేలలేదు" అనేవారు.

దీనికి ఆయన దగ్గర పెద్ద సిద్ధాంతమే ఉండేది. "కుర్చీలూ చుట్టాలూ ఒకటేనయ్యా. వెళ్ళి కూర్చోగానే ప్రతి కుర్చీ నమస్కారం పెడుతుంది. కాసేపటికి కుశలం అడుగుతుంది. భోంచేసి వచ్చి మళ్ళీ కూర్చో. అప్పుడు నడుం పట్టుకుని పాత తగాదాలన్నీ తీస్తుంది. నమస్కారం చూసి కుర్చీ కొన్నవాడు బాగుపడడు."

పిట్టలవానిపాలెంలో పొలాలు కౌలుకిచ్చి తెనాలి ఇంట్లో ఉండే మనిషి కాబట్టి ఆయనకు కూర్చునే తీరికకు లోటు లేదు. ఒకసారి రేపల్లెలో పెళ్ళికని బయలుదేరి స్టేషనుకు వెళ్ళారు. ప్లాటుఫారం మీద కొత్త బెంచీ వేసి ఉంది. రేపల్లె బండి వచ్చింది, కూత వేసింది, వెళ్ళిపోయింది. ఆయన లేవలేదు. తరువాతి బండి కూడా వెళ్ళిపోయింది. పెళ్ళివారు ఆయన వంతు లడ్డూలు ఎవరి చేతనో తెనాలికి పంపించి ఊరుకున్నారు.

కోడలు అనసూయ ఆయన్ను మొట్టమొదట చూసింది బాపట్లలో తన పెళ్ళిచూపుల రోజున. నిజానికి ఆమె చూసింది ఆయన వీపును. పెళ్ళికూతురు పళ్ళెం పట్టుకుని గదిలోకి వచ్చేసరికి మామగారు కాబోయే మనిషి పడకకుర్చీని బోర్లా వేసి, దాని కింద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు.

"ఈ గుడ్డ ఎక్కడిదండీ?" అని అడిగారు కింద నుంచే.

"పేరాలదండి. మాకు తెలిసిన నేతగాళ్ళు ఉన్నారు," అన్నాడు అనసూయ తండ్రి బిక్కచచ్చిపోయి.

కుర్చీని మళ్ళీ నిలబెట్టి ఆయన అందులో చేరగిలబడ్డారు. భార్య దుర్గాంబ అమ్మాయిని పాట పాడమంది, చదువడిగింది, నడిపించి చూసింది. ఆయన మాత్రం అమ్మాయి వంక ఒక్కసారే చూసి, "ఆ చాప మెత్తగా ఉందో గరుకుగా ఉందో తేలడం లేదు. అమ్మాయిని కూర్చోమనండి, చెబుతుంది," అన్నారు. అప్పటిదాకా నిలబడి కాళ్ళు పీకుతున్న అనసూయ కూర్చుని, మెత్తగానే ఉందండి అంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన మళ్ళీ పడకకుర్చీలోనే కూర్చుని, పొద్దు వాలాక లేచి, "బాగుంది. ఖాయం చేసుకుందాం," అన్నారు. బాగుందన్నది కుర్చీనో అమ్మాయినో బాపట్లవాళ్ళకు ఈనాటికీ తెలియదు.

డెబ్భైల మొదట్లో తెనాలి మెయిన్‌రోడ్డులో బసవేశ్వరరావు తన కర్రసామాన్ల కొట్లో ఒక వింత సోఫా దించాడు. మద్రాసు ఫ్యాషను. మూడు ముక్కలు విడివిడిగా ఉంటాయి. కొక్కేలు తగిలిస్తే పొడుగు సోఫా, ఊడదీస్తే మూడు కుర్చీలు, ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. అసలైన టేకు, లోపల స్ప్రింగులు, పైన రబ్బరు పరుపు, ఆ పైన ఆకుపచ్చ గుడ్డ. దాని ధర విన్నవాళ్ళు కూర్చోవడానికి కూడా జంకేవారు. దశరథరామయ్యగారు జంకలేదు.

ఆయన పొద్దున్నే టిఫిన్ చేసి కొట్టుకు వెళ్ళేవారు. సోఫాలో ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిగేవారు, పక్కకు ఒరిగేవారు, కాళ్ళు చాపి పడుకునేవారు. భోజనానికి ఇంటికి వచ్చి, మళ్ళీ వెళ్ళేవారు. రోజూ అక్కడే ఉండడంతో ఆయనే యజమాని అనుకుని పల్లెటూరి రైతు ఒకడు బల్ల బేరమాడాడు. ఆ బల్ల మీద ఎప్పుడో ఒక పూట కూర్చుని ఉన్నారు కాబట్టి, "వద్దు నాయనా, అది మూడో రోజుకు కిర్రుమంటుంది," అని ఆయన ఆ రైతును తిప్పి పంపేశారు. బసవేశ్వరరావు తల పట్టుకున్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఒకరోజు ఆయన ఇంట్లోంచి దిండు పట్టుకెళ్ళి, దాన్ని కండువాతో పొట్టకు కట్టుకుని సోఫాలో కూర్చున్నారట. దిండుతోనే కూర్చోవడం, దిండుతోనే ఒక చెయ్యి నడుం మీద వేసుకుని లేవడం, మళ్ళీ కూర్చోవడం. కొట్టు ముందు జనం మూగిపోయారు.

"ఏంటండి బాబాయిగారూ ఇది?" అని బసవేశ్వరరావు ఏడుపు మొహంతో అడిగాడు.

"భోజనానికి ముందొక బరువు, భోజనం తరువాత ఒక బరువు. రెండూ చూడొద్దా? నువ్వు అమ్మేవాడివి, నీకివన్నీ తెలియవు," అన్నారాయన.

ఈ కబురు ఆయన కంటే ముందు ఇల్లు చేరింది. దుర్గాంబ రెండు రోజులు వీధి గుమ్మం దాటలేదు. "ఊళ్ళో తలెత్తుకోనివ్వరు కదా ఈయన," అని వంటింట్లో కోడలితో అని, అంతలోనే తనే ఫక్కున నవ్వింది. అనసూయ కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతూ గోడకు ఆనుకుంది, ఎందుకంటే అప్పటికి ఆమె ఆరో నెల కడుపుతో ఉంది. నిలబడే ఓపిక తగ్గిపోతోంది.

సాయంత్రమయ్యేసరికి ఆమె పాదాలు పొంగి చెప్పుల్లో పట్టేవి కావు. లేడీ డాక్టరు, "పగలు కాళ్ళు ఎత్తులో పెట్టుకుని కాసేపు వెనక్కి వాలి కూర్చోమ్మా," అని చెప్పింది. చెప్పడం తేలికే. ఆ ఇంట్లో కోడలు అత్తమామల ముందు కుర్చీ ఎక్కదు, పట్టపగలు మంచం ఎక్కదు. కూర్చుంటే వంటింటి పీట మీద కూర్చోవాలి, ఆ పీట మీదికి దిగడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. దుర్గాంబ చెడ్డ మనిషి కాదు. కోడలికి ఇష్టమని రోజూ ఏదో ఒకటి చేసి పెట్టేది. కానీ తను తన అత్తగారి ముందు ఏనాడూ కూర్చోలేదు, అంతకు మించి కోడలు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. భర్త పూర్ణచంద్రరావు పొద్దున్న రేపల్లె బండికి ఉద్యోగానికి వెళితే చీకటి పడ్డాక వచ్చేవాడు. అతనితో చెబితే అమ్మతో అంటాడు, అంటే ఇల్లు రెండవుతుందని అనసూయ నోరు మెదపలేదు.

అలాంటి రోజుల్లో ఎడ్లబండి మీద సోఫా ఇంటికి వచ్చింది.

"ఇదేంటండి?" అంది దుర్గాంబ.

"కొట్లో తేలలేదు. ఇంట్లో పరీక్షించుకోమన్నాడు బసవేశ్వరరావు."

"పరీక్ష అవగానే పంపించెయ్యాలి మరి. ఇంత పెద్దది మనింట్లో ఎందుకు?"

"పంపించెయ్యక," అన్నారాయన. హాల్లో సోఫా వేయించి, ఒకసారి కూర్చుని, అమ్మయ్యో అంటూ నడుం పట్టుకుని లేచారు. "దుర్గాంబా, నా నడుం పని అయిపోయింది. ఇన్నేళ్ళు కుర్చీలు చూసి చూసి మొద్దుబారింది. దీనికి వేరే నడుం కావాలి. నువ్వు కూర్చుంటావా?"

"నాకు పప్పు పొయ్యి మీదుంది."

"అయితే అమ్మాయి కూర్చుంటుంది."

దుర్గాంబ నిర్ఘాంతపోయింది. "కోడలు మామగారి ముందు సోఫాలో కూర్చోవడమేంటండి?"

"నా ముందు ఎందుకు కూర్చుంటుంది? నేను వీధరుగు మీద ఉంటాను, కిటికీలోంచి అడుగుతాను."

"మరి నా ముందు?"

"నువ్వు సాక్షివి. సాక్షి లేని పరీక్ష చెల్లదు. ఇది సుఖపడడం కాదే, పని. ఇంటి పని కోడలు చెయ్యక ఎవరు చేస్తారు?"

పని అనేసరికి దుర్గాంబ పప్పు దించడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాలు కాగానే అనసూయకు సోఫా డ్యూటీ పడింది.

"ఏమంటోందమ్మా?" అనేవారు అరుగు మీంచి.

"ఏమీ అనడం లేదండి మామయ్యగారూ."

"ఇంకా నమస్కారం దగ్గరే ఉందన్నమాట. కూర్చో, లేవకు."

మర్నాడు మూడో ముక్క ఊడదీసి ఎదురుగా వేయమన్నారు. "కాళ్ళు చాపి దాని మీద పెట్టు. అది బరువు ఆపుతుందో లేదో చూడాలి." ఇంకో రోజు ఎడమవైపు ఒరిగి పడుకోమన్నారు. ఒక మధ్యాహ్నం అనసూయ ఆదమరిచి నిద్రపోయి లేచి, భయపడి అత్తగారి వంక చూసింది. అరుగు మీంచి, "నిద్ర పట్టిందంటే పరీక్ష సాగుతోందన్నమాట," అన్న గొంతు వినిపించింది. పనిలో పనిగా సాక్షికి కూడా శ్రద్ధ పెరిగింది. "ఆ దిండు వీపు కిందికి పెట్టు, లేకపోతే పరీక్ష సరిగ్గా రాదు," అంటూ దుర్గాంబే వచ్చి సర్దేది. సర్ది, నిలబడే చూసేది.

అనసూయ పాదాల వాపు తగ్గింది. రాత్రి నిద్ర పట్టింది. దాంతో పాటే కొత్త బెంగ పట్టుకుంది. పరీక్ష అయిన మర్నాడే సోఫా వెళ్ళిపోతుంది, మళ్ళీ పీట, మళ్ళీ గోడ. అబద్ధమాడితే కళ్ళు పోతాయని పెరిగిన పిల్ల, సోఫా మీద అబద్ధాలు మొదలుపెట్టింది.

"తేలిందా అమ్మా?"

"లేదండి. ఎడమవైపు కాస్త లోతుగా ఉందేమోనని అనుమానమండి."

"అలాగా," అన్నారాయన చాలా గంభీరంగా. "అయితే ఎడమవైపుకు వేరే పరీక్ష పెట్టాలి."

ఆ అబద్ధమే ఆమె కొంప ముంచబోయింది. రెండు రోజులకు అత్తగారు పేరంటానికీ మామగారు పొలానికీ వెళ్ళిన సమయంలో బసవేశ్వరరావు గుమ్మంలో దిగాడు. సోఫా పట్టుకుపోవడానికే వచ్చాడనుకుని అనసూయ దానికి అడ్డంగా నిలబడింది.

"పరీక్ష ఇంకా అవలేదండి అన్నయ్యగారూ. మామయ్యగారు లేరు. మళ్ళీ రండి."

"ఏ పరీక్షమ్మా? ఎడమవైపు లోతుగా ఉందని బాబాయిగారు కబురు పెట్టారు. కొన్న వస్తువు కదా, బాగు చేసివ్వాల్సిన పూచీ నాది."

"కొన్నదా?"

బసవేశ్వరరావు నాలిక కరుచుకున్నాడు. తరువాత ఆ అమ్మాయి మొహం చూసి ఉండబట్టలేకపోయాడు. "కొట్లో ఉండగానే కొనేశారమ్మా. పరీక్ష అని చెప్పమన్నది మీ అత్తగారి కోసం. 'మా కోడలికి కాళ్ళు వాస్తున్నాయిరా, అడగడానికి నోరు లేని పిల్ల' అన్నారు. కడుపుతో ఉన్న మనిషి ఎలా కూర్చుంటుందో, లేవడానికి చెయ్యి ఎక్కడ ఆనుతుందో తెలియాలని దిండు కట్టుకుని మరీ చూశారు. నన్ను నవ్వొద్దన్నారు గానీ, నవ్వకుండా ఎలా ఉంటానమ్మా?"

ఎడమవైపు నొక్కి చూసి, ఏ లోతూ కనబడక, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. అనసూయ సోఫాలో కూర్చుండిపోయింది. దిండు కట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని, బజారు మధ్య లేచి కూర్చుంటున్న మామగారు కళ్ళ ముందు కనిపించారు. తెనాలి అంతా నవ్వింది. తనూ నవ్వింది. ఇప్పుడు కూడా నవ్వే వచ్చింది, కానీ ఆ నవ్వు తుడుచుకోవడానికి కొంగు కావలసి వచ్చింది. తన కోసం ఇంత నగుబాటుకు సిద్ధపడిన మనిషి ఇంటికి కోడలిగా వచ్చినందుకు ఆమె బాపట్ల పడకకుర్చీకి కూడా మనసులో దణ్ణం పెట్టుకుంది.

విషయం తెలిసినట్టు ఆమె ఎవరికీ చెప్పలేదు. మర్నాడు అరుగు మీంచి అడిగినప్పుడు, "ఇంకా తేలలేదండి," అనే అంది.

ఏడో నెలలో సూడిదలయ్యాయి. పురిటికి తీసుకువెళ్ళడానికి అన్నగారు లక్ష్మీనారాయణ బాపట్ల నుంచి వచ్చాడు. వాకిట్లో రిక్షా ఆగింది. దుర్గాంబ పొద్దుటి నుంచి కాలు నిలవకుండా తిరుగుతూ, కోడలి వెంట పంపే డబ్బాలు సర్దింది. సర్దడం అయ్యాక నడుం పట్టుకుని గుమ్మానికి ఆనుకుంది. అనసూయ ఆ చెయ్యి చూసింది, ఆ గుమ్మమూ చూసింది. తను వెళ్ళాక ఈ సోఫా పంపేస్తారన్న భయం ఇప్పుడు లేదు. దాని మీద ఎవరూ కూర్చోరేమోనన్న బెంగ మాత్రం ఉంది.

కిటికీ దగ్గరికి వెళ్ళి, "మామయ్యగారూ, సోఫా సంగతి," అంది.

అరుగు మీద ఆయన కంగారుపడ్డారు. "తొందరపడకమ్మా. ఇంత త్వరగా తేలదు."

"అదేనండి నేననేది. ఒక్క నడుంతో తేలేది కాదిది. నేను చిన్నదాన్ని, నాకు అన్నీ బాగానే ఉంటాయి. అనుభవం ఉన్న నడుం ఒకటి కావాలి. అత్తయ్యగారు కూర్చోవాలండి."

లోపల దుర్గాంబ, "నేనా?" అంది. "ఈయన ఎదురుగా నేను సోఫా ఎక్కుతానా? నీకేమైనా మతి పోయిందా?"

"సుఖపడడం కాదు అత్తయ్యగారూ, పని. మీరు సాక్షిగా అంతా చూశారు. నేను వెళ్ళిపోతే పరీక్ష మధ్యలో ఆగిపోదూ?"

అరుగు మీద దశరథరామయ్యగారు తల అటు తిప్పుకుని వీధి చూస్తున్నారు. ఆ ఇంట్లో దుర్గాంబ కోడలిగా ఉన్న రోజుల్లో కూడా ఆయన అదే అరుగు మీద కూర్చుని, లోపల నిలబడ్డ మనిషి గురించి తల్లితో ఒక్క మాట అనలేక, ఇలాగే వీధి చూసేవారు.

దుర్గాంబ సోఫా అంచు మీద కూర్చుంది, మాట అనిపించుకోవడానికన్నట్టు. అనసూయ ఆమెను మెల్లగా వెనక్కి వాల్చింది. మూడో ముక్క ఎదురుగా లాగి, కాళ్ళు ఎత్తి దాని మీద పెట్టింది. "ఛ ఛ, నా కాళ్ళు ముట్టుకుంటావేంటే," అంటూనే దుర్గాంబ కాళ్ళు తీసుకోలేదు. వీపు కింద దిండు సర్దింది అనసూయ. దుర్గాంబ ఒకసారి కళ్ళు మూసి తెరిచింది. రెండోసారి మూసి ఇక తెరవలేదు.

లక్ష్మీనారాయణ లోపలికి తొంగి చూసి, "బండి టైమవుతోందండి," అన్నాడు. అత్తగారికి దణ్ణం పెట్టకుండా కోడలు గడప దాటకూడదు. దణ్ణం పెట్టాలంటే ఆమెను లేపాలి. లేపడానికి ఎవరికీ చేతులు రాలేదు.

"బాబూ, రిక్షాను పంపించెయ్యి," అన్నారు దశరథరామయ్యగారు గొంతు తగ్గించి. "బాపట్లకి బళ్ళకేం, ఇంకోటి వస్తుంది. రా, ఇక్కడ కూర్చో. ఈ అరుగు కూడా పరీక్షించవలసిందే."

ఆ మాట అని, కిటికీలోంచి లోపలికి చూశారు. ఆవిడ అలా వెనక్కి వాలి కూర్చోవడం ఆయన చూడడం అదే మొదలు. కాసేపు చూసి, కోడలి వంక తిరిగి, రోజూ అడిగినట్టే అడిగారు.

"ఏమంటోందమ్మా?"

"ఇంకా నమస్కారం దగ్గరే ఉందండి," అంది అనసూయ.